గ్యాలన్ గోంగూర అంటే ఎన్ని కేజీలు? అమెరికా పింటు, లండన్ పింటు ఒకటేనా?

పద్మ_పచ్చళ్ళు, బ్రాడీపేట:

అందరికీ నమస్కారం అండీ. నేను గుంటూర్లో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంటా, గోంగూర, పండుమిర్చి, ఆవకాయ, మాగాయ, సీజన్లో ఉసిరికాయ. ఇన్నాళ్ళూ అర కేజీ, కేజీ అని ఊళ్ళోనే పోయేవి, మహా అయితే హైదరాబాదు. ఇప్పుడు తెలిసినోళ్ళ ద్వారా బయటి దేశాల నించి అడుగుతున్నారు, సంతోషమే గానీ వాళ్ళ కొలతలతో చచ్చే చావుగా ఉంది. డాలస్‌లో ఉండే ఒకమ్మాయి వాట్సాప్‌లో "ఆంటీ ఒక గ్యాలన్ గోంగూర, రెండు క్వార్టులు పండుమిర్చి, రేటెంతవుద్దో చెప్పండి" అని పెట్టింది. ఇంగ్లండులో లెస్టర్‌లో ఉండే ఇంకొకాయనకి నాలుగు పింట్లు ఆవకాయ కావాలంట. మా ఆయన్ని అడిగితే క్వార్టరంటే నూటెనభై అని ఠక్కున చెప్పేశాడు, ఆయనకి తెలిసిన క్వార్టరు అదొక్కటే మరి.

గూగుల్లో కొడితే గ్యాలన్ ఒకచోట 3.785 అంటాడు ఇంకోచోట 4.546 అంటాడు. పింటుకైతే 473, 568, మధ్యలో 551 అని కూడా ఒకటి కనపడింది. ఏది పట్టుకోవాలి? అదీగాక నేను రేటు చెప్పేది కేజీల్లో, కొరియర్ వాడు తీసుకునేది కేజీల్లో. లీటర్లు తెలిసినా కేజీలు ఎట్టా చెయ్యాలి? ఒకటి గమనించా, ఒకే సైజు జారులో అర కేజీ గోంగూర పెడితే మెడ దాకా వస్తది, అదే అర కేజీ పండుమిర్చి పెడితే కిందకే ఉంటది. తెలిసినోళ్ళు కాస్త అర్థమయ్యేట్టు చెప్పండి, నేను డిగ్రీ చదివాను గానీ తెలుగు లిటరేచరు.

కృష్ణలంక_కుర్రోడు:

ఆంటీ ఇందులో ఏముంది, గూగుల్లో వన్ గ్యాలన్ టు లీటర్ అని కొట్టండి వచ్చేస్తది. 3.785. అయిపాయె.

నైట్‌డ్యూటీ_ల్యాబ్:

@కృష్ణలంక ఆవిడ గూగుల్లో కొట్టాకే అడుగుతుంది బాబూ, పోస్ట్ మొత్తం చదువు. నువ్వు ఉత్తి గ్యాలన్ అని కొడితే వాడు అమెరికా గ్యాలన్ అనుకుని చెప్తాడు, బ్రిటన్‌ది కావాలంటే ఇంపీరియల్ అని విడిగా ఎంచుకోవాలి.

పద్మక్కా, మీరు చూసిన నెంబర్లు అన్నీ కరెక్టే, ఏదీ తప్పు కాదు. గ్యాలన్లు రెండున్నాయి. అమెరికా వాళ్ళది 3.785 లీటర్లు, బ్రిటన్ వాళ్ళది 4.546. రెండు చోట్లా గ్యాలన్లో నాలుగో వంతు క్వార్టు, ఎనిమిదో వంతు పింటు, ఆ లెక్క మాత్రం సేమ్. కాబట్టి అమెరికా క్వార్టు 946 ఎంఎల్, పింటు 473. బ్రిటన్ క్వార్టు 1137, పింటు 568. ఆ 551 అనేది అమెరికాలోనే ఎండు సరుక్కి వాడే పింటు, చిన్న టమాటాలు, బ్లూబెర్రీలు అట్టాంటివి అమ్మే డబ్బాల మీద కనపడుద్ది, పచ్చడికి దాంతో పనిలేదు, మర్చిపోండి.

తిరకాసు ఎక్కడంటే ఔన్సు దగ్గర. అమెరికా వాడు పింటుని 16 ఔన్సులు చేశాడు, బ్రిటన్ వాడు 20 చేశాడు. అందుకని పింటు పెద్దదైనా బ్రిటన్ ఔన్సే కాస్త చిన్నది, 28.4 ఎంఎల్, అమెరికాది 29.6. ఇది ద్రవం ఔన్సు. బరువు ఔన్సు వేరే ఉంది, 28.35 గ్రాములు, అది రెండు దేశాల్లోనూ ఒకటే. వాళ్ళు మాట్లాడేప్పుడు రెంటినీ ఔన్సే అంటారు. పచ్చళ్ళలో దెబ్బ తగిలేది ఇక్కడే, ఎవరైనా "16 ఔన్సుల జార్" అంటే 454 గ్రాములా లేక 473 ఎంఎల్లా అని తప్పకుండా అడగండి.

మీ ఆర్డర్ వరకూ: డాలస్‌కి గోంగూర 3.785 లీటర్లు, పండుమిర్చి 1.89 లీటర్లు. లెస్టర్‌కి ఆవకాయ 2.27 లీటర్లు. అదే నాలుగు పింట్లు అమెరికా వాడు అడిగుంటే 1.89 లీటర్లే అయ్యేది, దాదాపు 380 ఎంఎల్ తేడా. కేజీల సంగతి రాత్రికి రాస్తా, ఇప్పుడు శాంపిళ్ళు వచ్చినయ్.

పటమట_బాచిలర్:

అంకుల్ చెప్పిన క్వార్టర్ కూడా ఆలోచించాల్సిందే. ఫుల్లు 750, హాఫ్ 375, దాంట్లో సగం 187.5 రావాలిగా, క్వార్టర్ మాత్రం 180. నాలుగు క్వార్టర్లు కొంటే ఫుల్లుకి 30 ఎంఎల్ తక్కువ. ఒక స్మాల్ పెగ్ పోయినట్టే. దీని మీద ఎవరూ ధర్నా ఎందుకు చెయ్యరో!

నైట్‌డ్యూటీ_ల్యాబ్:

😂 ఇంకోటి విను, రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు కూడా 180 ఎంఎల్లే, అది జపాన్ వాళ్ళ పాత కొలత. అమెరికా వంటల్లో రాసే కప్పు సుమారు 240, ఆస్ట్రేలియా కప్పు 250. అక్కడితో ఆగితే బానే ఉండు, మనకి టేబుల్ స్పూను 15 ఎంఎల్ అయితే ఆస్ట్రేలియాలో 20. యూట్యూబ్ చూసి కేకులు చేసేవాళ్ళు ఆ వంటమనిషి ఏ దేశమో ముందు చూసుకోవాలి.

రిటైర్డ్_ఏఈ_ఇరిగేషన్:

పద్మ గారికి నమస్కారం. అసలు రెండు గ్యాలన్లు ఎందుకొచ్చాయో చెబితే మీకు గుర్తుంటుందని రాస్తున్నాను. పూర్వం ఇంగ్లండులో వైనుకి ఒక గ్యాలన్, బీరుకి ఒక గ్యాలన్, ధాన్యానికి ఒక గ్యాలన్ ఉండేవి. వైను గ్యాలన్‌ని 231 ఘనపు అంగుళాలుగా ఆన్ రాణి కాలంలో ఖాయం చేశారు. అమెరికా విడిపోయినప్పుడు దాన్నే పట్టుకుపోయింది, ఇవాళ్టికీ అదే వాడుతోంది. బ్రిటిషు వాళ్ళేమో 1824లో ఈ గందరగోళం మొత్తం తీసేసి, పది పౌండ్ల నీళ్ళు ఎంత చోటు ఆక్రమిస్తే అది గ్యాలన్ అని కొత్తది పెట్టుకున్నారు. పది పౌండ్లంటే 160 ఔన్సులు, అందుకే వాళ్ళ గ్యాలన్‌కి 160 ద్రవ ఔన్సులు. అంటే బ్రిటన్ ద్రవ ఔన్సు నీళ్ళు తూస్తే ఒక ఔన్సు బరువు తూగుతాయి. చక్కటి లెక్క. అమెరికా దాంట్లో ఆ పొంతన లేదు.

మన దేశంలో నడిచింది బ్రిటిషు గ్యాలనే. మా చిన్నప్పుడు కిరసనాయిలు డబ్బా నాలుగు గ్యాలన్లు, అంటే 18 లీటర్ల పైచిలుకు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చాక విడతలవారీగా మెట్రిక్‌కి మారాం, అరవైల మొదట్లోకల్లా పూర్తయింది. కానీ మా ఇరిగేషన్ శాఖ మాత్రం ఇప్పటికీ అడుగులు, క్యూసెక్కులు, టీఎంసీలు వదల్లేదు. ఎందుకంటే నాగార్జునసాగర్ 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు అని రైతుకి కూడా నోటికొచ్చు. మీటర్లలో చెబితే ఎవరికీ తలకెక్కదు.

కృష్ణలంక_కుర్రోడు:

సార్ అడగాలనుకుంటున్నా ఎప్పట్నించో, క్యూసెక్ అంటే ఎన్ని లీటర్లు? 2024 సెప్టెంబర్‌లో వరదప్పుడు టీవీలో పదకొండు లక్షలు పదకొండు లక్షలు అని ఒకటే అరుపులు, మా ఇంటి రోడ్డు మీదకి నీళ్ళొచ్చినయ్ గానీ ఆ నెంబర్ ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు.

రిటైర్డ్_ఏఈ_ఇరిగేషన్:

క్యూసెక్ అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న గుంటలో 28.3 లీటర్ల నీళ్ళు పడతాయి. అది సెకనులో దాటిపోతే ఒక క్యూసెక్. ఆ వరదలో ప్రకాశం బ్యారేజి దగ్గర నమోదైన గరిష్ఠం 11.43 లక్షల క్యూసెక్కులు. 28.3తో గుణించు, సెకనుకి మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్ల పైమాట. 2009 వరదలో 11.10 లక్షలు వచ్చింది, దాన్ని కూడా దాటింది. కేంద్ర జలసంఘం బులెటిన్లలో ఇదే సంగతి క్యూమెక్కుల్లో ఉంటుంది, అంటే సెకనుకి ఘనపు మీటర్లు. 35.3 క్యూసెక్కులు ఒక క్యూమెక్. దాని ప్రకారం 11.43 లక్షలు కాస్తా 32 వేల చిల్లర అవుతుంది. ఆ అంకె చూసి "ముప్పై రెండు వేలేగా" అని తేలిగ్గా తీసుకుంటే కొంప మునుగుతుంది.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో 2,831 కోట్లు. ఇంకో కిటుకు గుర్తుపెట్టుకో. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే ఆ గరిష్ఠం గనక ఇరవై నాలుగు గంటలు నిలిచుంటే 98 టీఎంసీలు దాటేవి. మన బ్యారేజీలో నిలవుండేదే మూడు టీఎంసీలు, పూర్తిగా ఖాళీగా ఉన్న బ్యారేజీ ఆ ప్రవాహానికి ముప్పావు గంటలో నిండిపోతుంది. అందుకే అంత వరదొస్తే గేట్లన్నీ ఎత్తి వదలడం తప్ప ఆపే ప్రసక్తే లేదు. విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగింది మాత్రం ఈ కృష్ణ నీళ్ళతో కాదు, బుడమేరు వాగుతో. రెండూ కలిపేసి మాట్లాడుతుంటారు.

పోరంకి_బిల్డర్:

సార్ చెప్పిన 28.3 గుర్తుంటే సగం సైటు పని అయిపోయినట్టే. మా దగ్గరికి వచ్చే ఓనర్లు సంపు పదివేల లీటర్లు కావాలంటారు, మేస్త్రీకి అడుగుల్లో తప్ప చెప్తే ఎక్కదు. 8 పొడవు 6 వెడల్పు 5 లోతు తవ్వితే 240 ఘనపుటడుగులు, ఇంటూ 28.3 వేస్తే 6,800 లీటర్లు సుమారు. ఆ కొలత ప్లాస్టరింగ్ అయ్యాక లోపలి కొలత అయ్యుండాలి, గుంట కొలత కాదు, గోడలు నాలుగు వైపులా తొమ్మిదంగుళాలు తినేస్తయ్. నీళ్ళు కూడా స్లాబు దాకా నింపం కదా, పై అర అడుగు తీసెయ్యాలి. చాలామంది అడుగు అంటే 0.3 మీటరు కదా అని ఒక్కసారే 0.3 వేసి గుణించేస్తారు, మూడు వైపులా వెయ్యాలి. రెడీమిక్స్ వాడు క్యూబిక్ మీటర్లలో బిల్లేస్తాడు, కంకర లారీ వాడు యూనిట్లలో అంటే వంద ఘనపుటడుగుల్లో చెప్తాడు, ఒక యూనిట్ 2.83 క్యూబిక్ మీటర్లు. ఓనరు రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టుకుని నన్ను దొంగని చూసినట్టు చూస్తాడు.

పద్మ_పచ్చళ్ళు, బ్రాడీపేట:

అయ్యా గోంగూర నించి బుడమేరు దాకా వెళ్ళిపోయారు, చదువుతుంటే బానే ఉంది గానీ నా కేజీలు ఎక్కడ 😄

నైట్‌డ్యూటీ_ల్యాబ్:

వచ్చా అక్కా. లీటరుని కేజీ చెయ్యాలంటే ఆ వస్తువు ఎంత చిక్కన అనేది తెలియాలి, అది ఏ వెబ్‌సైటూ చెప్పలేదు, మీ పచ్చడి మీ ఇంట్లోనే కొలవాలి. ఒక జారు తీసుకోండి, ఖాళీగా ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. నీళ్ళు పోస్తూ 1000 గ్రాములు రాగానే ఆపండి. నీళ్ళు ఒక గ్రాము అంటే ఒక ఎంఎల్, మన ఎండకి పిసరంత తేడా ఉంటది, పట్టించుకోబాకండి. నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. అది మీ లీటరు గీత. నీళ్ళు పారబోసి శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, తడి ఉంటే పచ్చడి బూజు పట్టుద్ది అది నేను మీకు చెప్పేదేముంది, అదే గీత దాకా పచ్చడి గరిటెతో అదుముతూ పెట్టండి. గాలి లేకుండా అదమాలి. పైన నూనె తేలేదాకా. ఎన్ని గ్రాములు వస్తే అది ఆ పచ్చడి లీటరు బరువు. గోంగూర, పండుమిర్చి, ఆవకాయ దేనికది విడిగా చెయ్యండి, ఉప్పు చింతపండు ఎక్కువున్నది బరువు తూగుద్ది, నూనె ఎక్కువున్నది తేలిక. మీరు చూసిన మెడ దాకా కింద దాకా తేడా అదే.

జార్ల మీద 500, 1000 అని ఉండేదాన్ని నమ్మబాకండి. కొన్ని కంపెనీలు మూతి అంచు దాకా పట్టేది రాస్తాయి, కొన్ని మెడ దాకా. మీరు తెచ్చే రకాలన్నీ ఒకసారి నీళ్ళతో తూచి పెట్టుకోండి.

గవర్నర్‌పేట_నూనెకొట్టు:

మధ్యలో ఒకమాట మేడం, నూనె కూడా ఇట్టాంటిదే. లీటరు నూనె 910 గ్రాములు, ప్యాకెట్ మీదే రాసుంటది. 15 కేజీల డబ్బా, 15 లీటర్ల డబ్బా రెండూ బజార్లో ఉన్నయ్, చూట్టానికి ఒకటే తీరు. 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కేజీలే. 15 కేజీల డబ్బాలో 16 లీటర్లు దాటి ఉంటది. రేటు తక్కువ చెప్పాడని మురిసిపోయి కొనే ముందు డబ్బా మీద లీటరా కేజీయా చూసుకోండి. పచ్చళ్ళోళ్ళు నెలకి ఎన్ని డబ్బాలు తీస్తారో నాకు తెలుసుగా, డబ్బాకి 1.35 కేజీల తేడా అంటే మామూలు విషయం కాదు.

ప్రత్తిపాడు_మిర్చిరైతు:

అన్నా నాదొక డౌటు, మిర్చికి వేపనూనె కొట్టే వీడియో చూశా, అమెరికా ఆయన, గ్యాలన్‌కి రెండు టేబుల్ స్పూన్లు అంటున్నాడు. నా తైవాన్ స్ప్రేయర్ ట్యాంకు 16 లీటర్లు. ఎంత పొయ్యాలి?

నైట్‌డ్యూటీ_ల్యాబ్:

వాడి రెండు టేబుల్ స్పూన్లు ఒక అమెరికా ద్రవ ఔన్సు. గ్యాలన్‌లో 128 ఔన్సులు కాబట్టి 128లో ఒక వంతు, లీటరుకి 7.8 ఎంఎల్. నీ ట్యాంకుకి 125 ఎంఎల్. అదే మాట బ్రిటన్ గ్యాలన్ ఔన్సుల్లో చెప్పుంటే 160లో ఒక వంతు, 100 ఎంఎల్ అయ్యేది. లెక్క అడిగావు కాబట్టి చెప్పా గానీ అన్నా, వేపనూనెల్లో మందు గాఢత (పీపీఎం) తేడాలుంటాయి, నీ డబ్బా మీద లీటరుకి ఎంత అని రాశారో అదే కొట్టు. పురుగుమందులకైతే అసలు వీడియోల జోలికే పోవద్దు.

ఆర్వో_సర్వీస్_గుంటూరు:

గ్యాలన్ గ్యాలన్ అంటున్నారు కదా, మీ వంటింట్లో కూడా ఉంది చూస్కోండి. ఆర్వో మెంబ్రేన్ మీద 75 జీపీడీ, 80 జీపీడీ అని ఉంటది, రోజుకి ఇన్ని గ్యాలన్లు అని, అది అమెరికా గ్యాలన్. 80 అంటే రోజుకి 300 లీటర్లు, గంటకి 12 లీటర్ల చిల్లర. అదీ ప్రెషరూ నీళ్ళూ బాగుంటే. మన బోరు ఉప్పునీళ్ళకి అంత రాదు, కస్టమర్లు మాత్రం కాగితం మీద రాసింది చూపించి నాతో గొడవ పడతారు.

తెనాలి_టు_లెస్టర్:

నేను లెస్టర్‌లోనే ఉంటా అండీ, పద్మ గారి కస్టమర్‌ని నేను కాదు గానీ ఆయన మనసులో ఏముందో చెప్పగలను 😀 ఇక్కడ ప్యాకెట్ సరుకంతా ఎప్పుడో గ్రాములు లీటర్లకి వచ్చేసింది. పింటు మిగిలింది పబ్బులో గ్లాసులో పోసే బీరుకి, పాలకి. సూపర్‌మార్కెట్లో పాల క్యాను మీద 4 పింట్లు అని, 2.27 లీటర్లు అని రెండూ రాసుంటది. నాలుగు పింట్లు అన్నాడంటే ఆ క్యాను కళ్ళ ముందు పెట్టుకుని అన్నాడు. కొలత లెక్కేసి కాదు, ఓ క్యానుడు ఆవకాయ కావాలి అని. మీరు రెండున్నర కేజీలు సరిపోతుందా అని అడగండి, సరే అంటాడు చూడండి. ఇక్కడ మనోళ్ళు కూడా కూరలూ బియ్యం కేజీల్లోనే కొంటారు.

డాలస్_ఎన్టీఆర్_జిల్లా:

ఇక్కడా అంతే. అమెరికాలో క్వార్టు అని మనవాళ్ళు అనేది పెరుగు డబ్బాని. 32 ఔన్సుల పెరుగు డబ్బా, అయిపోయాక కడిగి దాంట్లో సాంబారు, పప్పు, ఇడ్లీ పిండి, ప్రతి తెలుగింటి ఫ్రిజ్‌లో అవే. కానీ ల్యాబ్ అన్న చెప్పిన తిరకాసు దాని మీదే ఉంది చూడండి, ఆ 32 ఔన్సులు బరువు, అంటే 2 పౌండ్లు, 907 గ్రాములు. 32 ద్రవ ఔన్సులయితే 946 ఎంఎల్, అసలు క్వార్టు. జనం రెండూ ఒకటే అనుకుంటారు, పెరుగుకి పెద్ద తేడా తెలీదు గానీ మీ పండుమిర్చికి తెలుస్తది. ఆ అమ్మాయిని పెరుగు డబ్బాడా అని ఒక్క మాట అడగండి. ఇంకోటి, ఇక్కడ అమ్మే పచ్చడి జార్ల లేబుల్ మీద బరువు ఔన్సుల్లోనూ గ్రాముల్లోనూ రెండూ ఉంటాయి, నీళ్ళలా పారేవాటికి ద్రవ ఔన్సులు, ముద్దగా ఉండేవాటికి బరువు. మీరు లేబుల్ వేయించేట్టయితే గ్రాములు పెద్దగా వేయించండి, ఔన్సులు పక్కన ఉండనివ్వండి.

కొరియర్_కౌంటర్:

పద్మ గారూ బరువు సంగతి తేల్చుకున్నాక ఒకసారి అట్టపెట్టె సంగతి కూడా చూసుకోండి. విదేశీ పార్శిల్‌కి అసలు బరువు ఒకటి, సైజు బరువు ఒకటి కడతారు, ఏది ఎక్కువైతే దానికి డబ్బులు. పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కేజీలు. 40, 30, 25 పెట్టె అయితే 30,000 బై 5000, ఆరు కేజీలు. మీరు దాంట్లో నాలుగు కేజీల పచ్చడి పెట్టి మిగతాది బబుల్ కవరు కుక్కితే ఆరు కేజీల డబ్బులు కట్టాలి. అమెరికాలో వాళ్ళు ఇదే అంగుళాల్లో చేస్తారు, 139తో భాగించి పౌండ్లు తీస్తారు, నెంబరు వేరేగా కనపడుద్ది గానీ మార్చి చూస్తే ఇంచుమించు అదే 5000. పచ్చడి బరువైన సరుకు కాబట్టి పెట్టె బిగుతుగా ఉంటే మీకు సైజు బరువు తగలదు. గుండ్రటి జార్ల కంటే పలకల జార్లు మేలు, మధ్యలో సందులు ఉండవు.

పద్మ_పచ్చళ్ళు, బ్రాడీపేట:

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండీ. ల్యాబ్ తమ్ముడు చెప్పినట్టు గీత గీసి తూచా. లీటరు గీత దాకా గోంగూర 1030 గ్రాములు వచ్చింది, ఆవకాయ 1090, పండుమిర్చి 1150. వన్‌టౌన్ నించి తెచ్చిన "లీటరు" జారు మూతి దాకా నింపితే 1070 ఎంఎల్ పట్టింది, ఇంకో రకం 960కే పొంగిపోయింది, రెంటి మీదా 1000 అనే ఉంది!

లెక్కేస్తే గ్యాలన్ గోంగూర 3.9 కేజీలు, రెండు క్వార్టుల పండుమిర్చి 2.18, నాలుగు లండన్ పింట్ల ఆవకాయ 2.48. ఆ అమ్మాయికి ఫోన్ చేసి పెరుగు డబ్బాడేనా అమ్మా అంటే "అవునాంటీ, నాలుగు పెరుగు డబ్బాలంత గోంగూర, రెండు డబ్బాలంత పండుమిర్చి" అని నవ్వుతుంది. సరే అని గోంగూర నాలుగు కేజీలు, పండుమిర్చి రెండు కేజీలు ఖాయం చేసుకున్నాం. లెస్టర్ ఆయన రెండున్నర కేజీలకి వెంటనే సరే అన్నాడు, తెనాలి బాబు చెప్పినట్టే. వాట్సాప్‌లో పెట్టే రేట్ల కాగితం మీద ఇక గ్రాములు కేజీలు మాత్రమే రాస్తా, గ్యాలన్ అన్నోళ్ళకి ఫోన్ చేసి మాట్లాడతా. జార్లు కూడా పలకలవి చూస్తున్నా, విజయవాడలో మంచివి ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.

మా అత్తగారిది ఒకటి మిగిలింది, ఆవిడ ఆవకాయ కారం, ఆవపిండి అన్నీ సోలల్లో తవ్వల్లో చెప్తది. సోల ఎన్ని గ్రాములు?

రిటైర్డ్_ఏఈ_ఇరిగేషన్:

నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అది అందరికీ ఒకటే. కానీ సోల ఎంత అన్నది ఊరికీ ఊరికీ మారేది, మీ అత్తగారి సోలతోనే నీళ్ళు పోసి తూచండి. ఆ తర్వాత కారం తలకొట్టి ఒకసారి, ఆవపిండి తలకొట్టి ఒకసారి విడివిడిగా తూచుకోండి. కారం తేలిక, ఉప్పు బరువు, ఒకే అంకె అన్నిటికీ వెయ్యకూడదు.

పోరంకి_బిల్డర్:

మేడం ఈ లెక్కలన్నీ చదివితే ఆకలేస్తుంది. పోరంకికి డెలివరీ ఉందా? పండుమిర్చి ఒక కేజీ. కేజీనే, గ్యాలన్ కాదు.